డాక్టరు ఆసుపత్రి ఉద్యోగి కాదట!

మొన్న చలికాలం మా సైట్‌లో ఒక కుర్రాడు పరంజా మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. గుంటూరు జిల్లావాడు, కెనడా వచ్చి ఏడాది కూడా కాలేదు. సూపర్‌వైజర్ని కాబట్టి నేనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. ఆరు గంటలు కూర్చున్నాక వచ్చిన డాక్టరు, ఇంగ్లీషు సరిగ్గా రావట్లేదని వాణ్ణి కసిరి, చెప్పేది వినకుండానే వెళ్లిపోయాడు. కట్టు బాగానే కట్టారు లెండి. కానీ, "అన్నా, ఆయనకి నేను మనిషిలా కనబళ్లేదా?" అన్నాడు వాడు. ఫిర్యాదు చేద్దామని కౌంటర్ దగ్గరికి వెళ్తే, "డాక్టరు మా ఉద్యోగి కాదండీ" అన్నారు.

తర్వాత విచారిస్తే తెలిసింది, అది నిజమే. ఒంటారియో ఆసుపత్రుల్లో చాలామంది డాక్టర్లు జీతగాళ్లు కారు. మన సైట్‌కి సబ్ కాంట్రాక్టర్ వచ్చినట్టే అనుకోండి. ఆసుపత్రి బోర్డు వాళ్లకి 'ప్రివిలేజెస్' అనే అనుమతి ఇస్తుంది. అది మహా అయితే ఏడాది, తర్వాత మళ్లీ దరఖాస్తు. బోర్డుకి సిఫార్సు చేసే మెడికల్ అడ్వైజరీ కమిటీ డాక్టర్ల కమిటీయే. అనుమతి తీసేస్తే డాక్టరు అప్పీలు బోర్డుకి, అక్కణ్ణుంచి కోర్టుకి వెళ్లొచ్చు. పబ్లిక్ హాస్పిటల్స్ చట్టం కింద ప్రతి ఆసుపత్రీ రాసుకునే బైలాల్లో ఈ తతంగమంతా ఉంటుంది.

బైలాలంటే పెద్దమనుషుల కాగితాలు, మనకెందుకు అనుకుంటాం. విండ్సర్‌లో 2005 నవంబరులో ఏం జరిగిందో వినండి. ఓటెల్ డ్యూ గ్రేస్ ఆసుపత్రిలో ఒక నర్సుని, ఆమెతో అంతకుముందు సంబంధం ఉన్న డాక్టరే డ్యూటీలో ఉండగా పొడిచి చంపాడు. అతని ప్రవర్తన గురించి ముందే ఫిర్యాదులున్నాయి. 2007లో ఇంక్వెస్ట్ జరిగి, జ్యూరీ ఎన్నో సిఫార్సులు చేసింది. 2010 జూన్‌లో పని ప్రదేశాల్లో హింస నివారణకి కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. మా ట్రైలర్ గోడకి అంటించిన పాలసీ కాగితం వెనక ఆ నర్సు ప్రాణం ఉందని నాకిన్నాళ్లూ తెలియదు.

నా సైట్‌లో ఎవడైనా తోటివాడి మీద చెయ్యి లేపితే ఆ పూటే గేటు బయట ఉంటాడు. ఆసుపత్రిలో అలా కుదరదు, కుదరకూడదు కూడా. తప్పుడు ఫిర్యాదుకి ఒక సర్జన్ని పంపేస్తే రేపు ఆపరేషన్ ఎవరు చేస్తారు? అయినా, విచారణ జరిగే రోజుల్లో నర్సుకీ పేషెంటుకీ రక్షణేమిటో బైలాలో సూటిగా రాయాలా వద్దా?

ఒంటారియోలో లాభాపేక్ష లేని సంస్థల కొత్త చట్టం 2021 అక్టోబరు 19న అమల్లోకొచ్చింది. పాత పత్రాలు మార్చుకోడానికి 2024 అక్టోబరు 18 దాకా గడువిచ్చారు. దాంతో ఆసుపత్రులు లాయర్లని పెట్టి సభ్యత్వం, ఓటింగ్, డైరెక్టర్ల నియామకం అన్నీ సరిచూసుకున్నాయి. మంచిదే. అదే ఊపులో డాక్టర్ల ప్రవర్తన అధ్యాయాన్ని కూడా తెరవాలి. తెరిచినప్పుడు కమిటీ డాక్టర్లతో సరిపెట్టకుండా నర్సుల్నీ, గదులు తుడిచేవాళ్లనీ, మనలాంటి పేషెంట్లనీ అడగాలి. వాళ్లలో మన ఆడపడుచులు ఎంతమంది లేరు!

ఈలోగా ఒక సంగతి. డాక్టరు ఉద్యోగి కాకపోయినా, 2010 నాటి చట్టం ప్రకారం ప్రతి ఆసుపత్రిలో పేషెంట్ల ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉండి తీరాలి. డాక్టరు మీదైతే నేరుగా ఒంటారియో ఫిజీషియన్స్ అండ్ సర్జన్స్ కాలేజీకి కూడా రాయొచ్చు. మావాడు ఎడమచేత్తో సంతకం పెట్టి రెండుచోట్లా ఇచ్చాడు. జవాబు కోసం చూస్తున్నాం.