పొడుగు పిడి పార

బడులు మూసే రోజులు దగ్గరపడ్డాయి. శాంటా క్లారాలోని మన కుటుంబాల నుంచి ఏటా ఈ సమయానికే నాకు ఫోన్లు మొదలవుతాయి. "టీచరుగారూ, మా వాడికి సేవా గంటలు కావాలి, ఎక్కడికి పంపమంటారు?" కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికని చెప్పరు, నాకు తెలుసు. ఫరవాలేదు. నా జవాబు ఒకటే: పొలానికి పంపండి.

ఇక్కడ పొలమెక్కడిది అంటారా? ఇప్పుడు ఆఫీసులు నిండిన ఈ లోయ 1960ల దాకా ఆప్రికాట్ల, ప్రూన్ల తోటలకు పేరు పొందింది. శాన్ హోసేలో కింగ్ రోడ్డు, స్టోరీ రోడ్డు కలిసే దగ్గర ఎమ్మా ప్రష్ ఫార్మ్ పార్క్ ఉంది. ఎమ్మా ప్రష్ అనే ఆవిడ తన కుటుంబ పొలాన్ని 1962లో నగరానికి దానం చేసింది. అందులోనే వెజిల్యూషన్ అనే సంస్థ 2008 నుంచి కూరగాయలు పండిస్తోంది. పక్కనే ఫ్రీవే హోరు. వాలంటీర్లు కలుపు తీస్తారు, కంపోస్టు మోస్తారు, కాయలు కోస్తారు.

అక్కడ పిల్లలకు ఏం వస్తుంది? మొదట నడుము నొప్పి వస్తుంది. తరువాత లెక్క వస్తుంది. ఒక వరుస కలుపు తీయడానికి గంట పట్టిందని తెలిసిన పిల్ల దుకాణంలో పాలకూర కట్ట ధర చూసి ఆగుతుంది. నా తరగతిలో ఒక అమ్మాయి "ఇంత తక్కువకు ఎలా అమ్ముతారు టీచర్?" అని అడిగింది. పాఠ్యపుస్తకంతో ఆ ప్రశ్న నేను పుట్టించలేకపోయేదాన్ని.

ఒక్కటి మాత్రం చేయకండి. ఇంటికి వచ్చే దారిలో "చూశావా, మన పెద్దలు ఇలాగే కష్టపడ్డారు" అనకండి. ఇలాగే కాదు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్ళిన మనవాళ్ళ గిర్మిట్ అయిదేళ్ళు. రోజుకు మగవాళ్ళకు ఒక షిల్లింగు, ఆడవాళ్ళకు తొమ్మిది పెన్సులు. అదీ కొలిచి ఇచ్చిన పని పూర్తయితేనే. పూర్తి కాకపోతే కూలి పోయేది, కోర్టుకు కూడా ఈడ్చేవారు. మిగిలిన గిర్మిట్లు 1920 జనవరి 1న రద్దయ్యాయి. మా అవ్వ చెరకు పొలం మాట ఎత్తేదే కాదు. మీ పిల్లవాడు మధ్యాహ్నానికి చేతులు కడుక్కుని ఇంటికి వస్తాడు. ఆ తేడా వాడికి చెప్పాలి.

చెప్పడానికి ఫిజీ దాకా పోనక్కరలేదు. ఇక్కడికి గంట పైచిలుకు కారు దూరంలో సలీనాస్ ఉంది. అక్కడి లెట్యూస్ పొలాల్లో కూలీలకు అడుగు పొడుగు పిడి ఉన్న పార ఇచ్చేవారు. స్పానిష్‌లో దాన్ని ఎల్ కోర్టీటో, అంటే పొట్టిది, అనేవారు. దానితో పని చేయాలంటే రోజంతా నడుము వంచే ఉండాలి. పొడుగు పిడితో మొక్కలు పాడవుతాయని యజమానులు వాదించారు. కానీ ఎవరు నిటారుగా నిలబడ్డారో మేస్త్రీకి దూరం నుంచే కనబడటం కూడా వాళ్ళకు సౌకర్యం. వెన్ను చెడిపోయిన కూలీలు కోర్టుకు వెళ్ళారు. 1975లో కాలిఫోర్నియా ఆ పారను నిషేధించింది. పొడుగు పిడి వచ్చాక కూడా లెట్యూస్ పండుతూనే ఉంది.

గుడిలో ఒక పెద్దాయన నా మీద కోప్పడ్డారు. "ఆ మట్టి వదిలించుకోవడానికి మాకు రెండు తరాలు పట్టింది. మళ్ళీ పిల్లల్ని అందులోకే దించుతావా అమ్మా?" ఆ కోపంలో న్యాయం ఉంది. ఫిజీలో 1926లో సంగం పెట్టి మనవాళ్ళు బడులు కట్టింది పిల్లలు చెరకు నరకకూడదనే. కానీ తాతగారూ, మన పిల్లలు ఇప్పుడు మట్టికే కాదు, మట్టిలో పని చేసేవాళ్ళకు కూడా దూరమయ్యారు. వారం వారం మన ఇంటి ముందు గడ్డి కోసే మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? ఆయన ఇంకా నా మాట ఒప్పుకోలేదు.

వెళ్ళేవాళ్ళు ముందే అడిగి వెళ్ళండి. టోపీ, పాత బూట్లు, రెండు సీసాల నీళ్ళు తీసుకెళ్ళండి. మీరూ దిగండి, కారులో కూర్చుని ఫోను చూసుకోకండి. పార ఇచ్చినప్పుడు పిల్లలతో దాని పిడి కొలిపించండి.