‘ఒక పరిశీలన’ అనే అలవాటుపై అభ్యంతరం: అంతర్జాలంలో తెలుగు పరిశోధన వ్యాసాల శీర్షికలు, తల్లాడ ఉదాహరణగా

విశ్వవిద్యాలయ తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాల జాబితాలను, పరిశోధన పత్రికల విషయసూచికలను వరుసగా చదివినవారికి ఒక సంగతి తేటతెల్లమవుతుంది. శీర్షిక తల ఏదైనా తోక మాత్రం ఒక్కటే: ‘ఒక పరిశీలన’, ‘సమగ్ర పరిశీలన’, ‘విమర్శనాత్మక అధ్యయనం’. పరిశోధన వ్యాసంలో పరిశీలన కాక మరేముంటుంది? కూర పేరు అడిగితే ‘వండినది’ అని చెప్పినట్లున్నది ఈ పద్ధతి. పత్రిక చేతిలో ఉన్న కాలంలో దీనివల్ల పెద్ద నష్టం జరగలేదు. పాఠకుడు పుట తిప్పి, మొదటి పేరా చదివి, తనకు కావలసినది ఉన్నదో లేదో తేల్చుకునేవాడు. ఇప్పుడు మన పత్రికలు అంతర్జాలానికి ఎక్కుతున్నాయి. అక్కడ వ్యాసానికీ పాఠకుడికీ నడుమ సెర్చ్ ఇంజన్ నిలబడి ఉన్నది. అది పాఠకుడికి ముందుగా చూపించేది ఒక్క పంక్తి. ఆ పంక్తిలో ఏమీ చెప్పని మాట ఒకటి చేరితే, ఏదో చెప్పగల మాట ఒకటి బయటికి పోయినట్లే.

‘యంత్రం కోసం పేర్లు పెట్టాలా?’ అన్న ప్రశ్న మన సదస్సులలో తరచు వినిపిస్తుంది. ప్రశ్నలో ఆత్మగౌరవం ఉన్నది గాని ఆలోచన తక్కువ. యంత్రం తనకోసం ఏదీ వెతకదు; వెతికేది మనిషి. ‘చివరకు మిగిలేది’, ‘అసమర్థుని జీవయాత్ర’ వంటి పేర్లు ధ్వనితో పనిచేస్తాయి. ఆ స్వేచ్ఛ సృజనకు ఉన్నది. పరిశోధనకు అది అరువు రాదు. అసలు కృతిని గుర్తుపట్టే ఆనవాళ్లను కృతిలోనే పెట్టడం మనకు కొత్త కాదు. మన ప్రబంధ కవులు ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో తమ పేరు, వంశం, కావ్యం పేరు, ఆశ్వాసం సంఖ్య చెప్పుకున్నారు. తాళపత్రాల కట్ట చెదిరిపోయినా, తొలి ఆకులు చెదలు తిన్నా, ఆ గద్య ఆధారంగానే పరిష్కర్తలు కృతిని పోల్చుకోగలిగారు. కాపీ రాసేవారి కోసం పెట్టిన ఆ వాక్యాన్ని చిన్నతనంగా ఎవరూ భావించలేదు.

విషయాన్ని ఒక చోట నిలిపి చూద్దాం. తల్లాడ ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. ఖమ్మం నుంచి వచ్చిన దారి ఇక్కడ చీలి, ఒకటి సత్తుపల్లి వైపు, మరొకటి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెం వైపు, అంటే భద్రాచలం అడవుల వైపు పోతుంది. ఇక్కడి ఉపాధ్యాయురాలొకరు తన తరగతిలోని కోయ పిల్లల కోసం వారి పెండ్లిపాటలపై ఏదైనా పరిశోధన జరిగిందేమోనని ఫోనులో వెతుకుతున్నారనుకుందాం. ఆమె ‘కోయ పెళ్లి పాటలు’ అని కొడతారు. మన వ్యాసం పేరేమో ‘గిరిజన మౌఖిక సాహిత్యం – సాంస్కృతిక మూలాలు – సమగ్ర పరిశీలన’. ఆమె కొట్టిన మూడు మాటలలో ఒక్కటీ మన శీర్షికలో లేదు. వ్యాసం లోపల పాటలున్నాయి, పాడినవారున్నారు, ఊళ్లున్నాయి. బయటి తలుపు మీద మాత్రం ఏ పేరూ లేదు.

ఇక్కడ తప్పు సాంకేతికం మాత్రమే కాదు. ‘గిరిజన’ అన్న మాట ప్రభుత్వ కార్యాలయాలకు సరిపోతుంది. భాషా పరిశోధకులకు సరిపోదు. ఖమ్మం ప్రాంతంలో కోయలున్నారు, కొండరెడ్లున్నారు, లంబాడీలున్నారు. కోయ భాష గోండీకి దగ్గరి ద్రావిడ భాష. లంబాడీ ఇండో ఆర్యన్ భాష. ఈ రెండు భాషల పాటలను ఒకే మాట కింద పెట్టే శీర్షిక, తులనాత్మక భాషాశాస్త్రం పాఠం చెప్పే శాఖ నుంచి రావడం ఏమంత ముచ్చటైన విషయం కాదు. కోయలు తమను కోయతూర్ అని చెప్పుకుంటారు. ఆ మాట కనీసం ఉపశీర్షికలోనైనా ఉంటే, రేపు ఒక కోయ విద్యార్థి తన జాతి పేరు కొట్టినప్పుడు మన వ్యాసం అతని ముందుకు వస్తుంది. లేకపోతే అతని తాత పాడిన పాట మీద మనం పట్టా పుచ్చుకున్నామన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఈ లోపం మన ఒక్కరిదే కాదు. హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లపై ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం పేరులో ‘రెడ్లు’ ఉన్నారు, ‘బైసన్ హిల్స్’ ఉన్నాయి. ‘కొండరెడ్లు’ లేరు, పాపికొండలు లేవు. తెలుగులో వెతికేవారికి ఆ పేరు అడ్డుగోడే.

స్థలం పేరు వేస్తే చాలునా అంటే, చాలదు. ‘ఖమ్మం జిల్లా గ్రామనామాలు’ అన్న శీర్షిక చూడండి. ఏ ఖమ్మం జిల్లా? 1953లో వరంగల్ నుంచి విడివడినదా? 1959లో తూర్పుగోదావరి నుంచి భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు వచ్చి కలిసినదా? 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు పోగా మిగిలినదా? 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడిన తరువాతిదా? తల్లాడ నేటికీ ఖమ్మం జిల్లాలోనే ఉన్నది. కొంత దూరం తూర్పుకు పోతే కొత్తగూడెం మరో జిల్లా, చింతూరు మరో రాష్ట్రం. శీర్షికలో క్షేత్ర పర్యటన జరిగిన సంవత్సరం, మండలాల పేర్లు ఉంటే ఈ చిక్కు ఉండదు. తెలుగు వికీపీడియా సంపాదకులు ఈ మెలకువను ఎప్పుడో నేర్చుకున్నారు: ఒకే పేరుతో పలు ఊళ్లున్నప్పుడు ఊరి పేరు పక్కన మండలం పేరు చేరుస్తారు. పట్టా లేని స్వచ్ఛంద రచయితలు పాటించే నియమాన్ని ఆచార్యులు పాటించకపోవడానికి కారణం ఈ వ్యాసకర్తకు బోధపడలేదు.

‘తల్లాడ’ మూడక్షరాల మాట. యూనికోడ్ దృష్టిలో ఆరు సంకేతాలు: త, ల, పొల్లు, ల, దీర్ఘం, డ. ప్రచారంలో ఉన్న యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 18. వికీపీడియాలో పుట పేరుకు 255 బైట్లు హద్దు. అనేక కంప్యూటర్లలో ఫైలు పేరుకూ అంతే. అంటే తెలుగులో 85 సంకేతాలు. ‘సమగ్ర విమర్శనాత్మక పరిశీలన’ అన్న తోక ఒక్కటే, నడుమ ఖాళీలతో కలిపి, 74 బైట్లు మింగుతుంది. నాలుగు ‘తల్లాడ’లు పట్టే చోటు అది. సెర్చ్ ఇంజన్ ఫలితాలలో హద్దు బైట్లను బట్టి కాక తెర వెడల్పును బట్టి ఉంటుంది. ఫోనులో ఆ వెడల్పు దాటిన భాగాన్ని మూడు చుక్కలు మింగేస్తాయి. కాబట్టి ప్రధానమైన మాట ముందుండాలి.

‘రోమన్ లిపిలో పేరు పెడితే సరి’ అనేవారికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం గుర్తు చేయాలి. రాజ్‌రెడ్డి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయినాయి. ఇంత గొప్ప సేవకు పుస్తకాల పేర్ల దగ్గర గండి పడింది. పేర్లను రోమన్‌లోకి మార్చినవారు దీర్ఘాలు ఒకచోట చూపారు, మరొకచోట వదిలారు. సున్నకు ఒక పుస్తకంలో ఒక గుర్తు, వేరొక పుస్తకంలో వేరొకటి. ‘ఆంధ్ర’ అన్న మాటే పలు రూపాలలో కనిపిస్తుంది. పుస్తకం ఉన్నదని తెలిసినవాడికే అది దొరుకుతుంది; తెలియనివాడికి లేనట్లే. ఆ స్థలం మూతపడి పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినా పేర్ల తప్పులు వెంటే పోయినాయి. తెలుగు వికీపీడియా సభ్యులు కూర్చుని ఆ జాబితాలను తెలుగు లిపిలోకి మార్చవలసి వచ్చింది. తల్లాడనే రోమన్‌లో ఒకరు ‘హెచ్’తో, మరొకరు ‘హెచ్’ లేకుండా రాస్తారు; డకారమో దకారమో చదివేవాడు ఊహించుకోవాలి. రోమన్ రూపం తోడుగా ఉండవచ్చు. తెలుగు పేరు స్థానంలో ఉండరాదు.

లిపి తెలుగే అయినా గండం తీరలేదు. మన పత్రికలలో చాలా భాగం నేటికీ అను వంటి పాత ఫాంట్లలో కూర్చి పిడిఎఫ్‌గా ఎక్కుతున్నవే. కంటికి అది తెలుగు. యంత్రానికి అర్థంలేని గుర్తుల గుట్ట. సంపుటమంతా యూనికోడ్‌లోకి మార్చే స్తోమత లేని శాఖలు కనీసం ప్రతి వ్యాసానికీ వేరే పుట పెట్టి, దాని శీర్షికను, సారాంశాన్ని యూనికోడ్‌లో ఇవ్వగలవు. ఇరవై వ్యాసాల సంచికను ఒకే పిడిఎఫ్‌గా, ‘సంపుటి 12 సంచిక 3’ అన్న పేరుతో ఎక్కించడమంటే ఇరవై మందినీ ఒకే దుప్పటి కింద దాచడమే. ప్రతి పుటకూ శాఖ పేరు, విశ్వవిద్యాలయం పేరు శీర్షికగా పెట్టడమూ అంతే. ఫలితాలలో ఇరవై పంక్తులూ ఒకేలా కనిపిస్తాయి. పుట కర్త ఇచ్చిన శీర్షికనే చూపాలన్న కట్టుబాటు కూడా గూగుల్‌కు లేదు. 2021 ఆగస్టు నుంచి అది పుటలో కనిపించే పెద్ద అక్షరాల శీర్షికను, ఇతరులు లంకె వేసినప్పుడు వాడిన మాటలను కూడా ఎక్కువగా వాడుకుంటున్నది. మనం సరైన పేరు పెట్టకపోతే యంత్రమే ఒక పేరు పెడుతుందన్నమాట.

వ్యాకరణం తెలిసినవారికి ఇందులో వేరే పని కూడా ఉన్నది. యంత్రం ఖాళీని చూసి పదాన్ని విడదీస్తుంది. తెలుగు విభక్తులను, సంధులను విప్పడంలో దాన్ని నమ్మలేము. ‘గ్రామనామాధ్యయనం’లో ‘గ్రామనామాలు’ మనకు కనిపించినంత సులువుగా దానికి కనిపించవు. ‘తల్లాడలోని’ కంటే ‘తల్లాడ మండలం’ మేలు. సమాసాన్ని విడదీయడం వల్ల శైలి చెడుతుందని అనుకునేవారు, ఆ సమాసం శీర్షికలో అర్థం కోసం వచ్చిందో గాంభీర్యం కోసం వచ్చిందో ఒకసారి తమను తాము అడుగుకోవాలి.

దీని అర్థం శీర్షికలో కనిపించిన మాటలన్నీ కుక్కమని కాదు. ‘కోయ పాటలు కోయ గీతాలు కోయ జానపదాలు’ అని మూడుసార్లు చెప్పే పేరు పాఠకుడిని అవమానిస్తుంది. యంత్రాలు కూడా అలాంటివాటిని అనుమానంగానే చూస్తాయి. పై ఊహాత్మక వ్యాసానికి ‘కోయ పెళ్లి పాటలు: తల్లాడ, ఏన్కూరు మండలాల సేకరణ, 2019’ అన్న పేరు చాలు. ఇందులో వాదం లేదని ఒక సమీక్షకుడు అభ్యంతరపెట్టవచ్చు. ‘సమగ్ర పరిశీలన’లో ఏ వాదం ఉన్నదో ముందు ఆయన చెప్పాలి.

సంపాదకులు సమీక్షకులకు పంపే పత్రంలో భాషకు, ఆధారాలకు, కొత్తదనానికి గడులున్నాయి, శీర్షికకు లేదు. ఆ గడి చేర్చాలి. పాత సంచికల వ్యాసాల పేర్లు మార్చమని ఎవరూ కోరరు. వాటిని ఉల్లేఖించినవారున్నారు కనుక అచ్చయిన పేరు అచ్చయినట్లే ఉండాలి. ఆ వ్యాసపు పుటలో మాత్రం పేరు కిందనే జాతి, మండలం, ప్రక్రియ, కాలం తెలిపే ఒక వివరణ పంక్తి చేర్చడానికి ఏ ఉల్లేఖనమూ అడ్డురాదు.