మన విత్తనం, వాళ్ళ ల్యాబు. మరి ప్రశ్న ఎవరిది?



మొన్న టీ కొట్టు దగ్గర మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చూపించాడు. "బాబాయ్, ఇది చదువు. విదేశీ యూనివర్సిటీలన్నీ కలిసి మన విత్తనాలు పట్టుకుపోయి పరిశోధనల పేరుతో వాడుకుంటున్నాయంట" అన్నాడు. పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు. "వాళ్ళు లేకపోతే నీకీ నాకూ ఎకరానికి పదిహేను బస్తాలు కూడా రావురా" అన్నాడు. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. నేనప్పుడు ఏమీ మాట్లాడలేదు కానీ ఇంటికొచ్చాక రాయాలనిపించింది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే మనం ఎవరిని ఏమడగాలో మనకి తెలియదు.

పోస్టు పెద్దదే. నీళ్ళు కట్టేసి గట్టు మీద కూర్చున్నప్పుడు చదువుకోండి.

ముందు మసూరి సంగతి. సాంబ మసూరి, స్వర్ణ అంటే మన సొంత బిడ్డల్లాగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. స్వర్ణ (ఎంటీయూ 7029) మన మారుటేరులో పుట్టి 1982లో విడుదలైంది. సాంబ మసూరి (బీపీటీ 5204) బాపట్లలో పుట్టి 1986లో బయటికొచ్చింది. కానీ ఈ రెండింటికీ తల్లో తండ్రో అయిన మసూరి ఎక్కడిది? 1950లలో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ తరపున కటక్‌లో జపాన్ జాతి వరినీ మన జాతి వరినీ సంకరం చేసే పని ఒకటి నడిచింది. అందులో తైవాన్ రకాన్నీ మలయా రకాన్నీ కలిపితే వచ్చిన సంతతిలోంచి మలేసియా వాళ్ళు ఏరుకుని 1965లో విడుదల చేసిన రకమే మసూరి. అది తిరిగి మన దేశానికొచ్చింది. అంటే మన ఇంట్లో అన్నం గిన్నెలోకి అప్పటికే మూడు దేశాలు వచ్చేశాయి. విత్తనానికి పాస్‌పోర్టు లేదండీ.

ఇప్పుడు ఎండాకు తెగులు సంగతి. సార్వాలో గాలివాన కొట్టి వెళ్ళిన వారానికి ఆకుల అంచులు పసుపు తిరిగి, చివర నుంచి ఎండుకుంటూ కిందకి దిగుతాయి. బాక్టీరియా తెగులు కదా, మందు కొట్టినా పెద్దగా లొంగదు. సాంబ మసూరికి ఇది పెద్ద బలహీనత. దీనికి విరుగుడు దొరికింది ఎక్కడో తెలుసా? ఆఫ్రికాలో, మాలి దేశంలో. అక్కడ నీళ్ళల్లో పెరిగే ఒక అడవి వరి ఉంది. నేల కింద దుంపలాంటి వేరుతో పాకుతూ పోతుంది. వరి చేలో పడితే కలుపే, మనం ఊదని చూసినట్టు చూడాల్సిందే. దాని విత్తనం 1970లలో కటక్ పరిశోధనా కేంద్రానికి వచ్చింది. దానికి ఎండాకు తెగులు సోకట్లేదని అక్కడే కనిపెట్టారు. తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో గురుదేవ్ ఖుష్ గారి బృందం పదేళ్ళకి పైగా కష్టపడి ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చింది. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పమేలా రొనాల్డ్ గారి ల్యాబు ఆ జన్యువుని విడదీసి చూపించింది. దాని పేరు ఎక్స్ఏ 21.

ఆ జన్యువునీ, మరో రెండు తెగులు తట్టుకునే జన్యువుల్నీ కలిపి హైదరాబాద్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్, సీసీఎంబీ కలిసి సాంబ మసూరిలోకి ఎక్కించాయి. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదలైంది. ఇది జీఎం కాదు, గమనించండి. మామూలు సంకరమే. కాకపోతే ఏ మొక్కలోకి జన్యువు వచ్చిందో ల్యాబులో చూసి ఏరుకున్నారు.

మరి మాలి వాళ్ళకి ఏం దక్కింది? డేవిస్ వాళ్ళు ఆ జన్యువు మీద పేటెంట్ తీసుకున్నారు. దాని మీద డబ్బొస్తే మాలి లాంటి దేశాల విద్యార్థుల చదువుకి ఇస్తామని ఒక నిధి కూడా పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ లైసెన్స్ తీసుకున్న కంపెనీలు ఆ జన్యువుతో ఏ సరుకూ మార్కెట్‌కి తేలేదు, నిధిలోకి డబ్బు రాలేదు. తప్పు ఒక్కరిదని నేననను. కానీ "లాభం వస్తే వాటా" అనే మాట మీద నిలబడితే చివరికి ఇలాగే అవుతుంది. మన టీ కొట్టు కుర్రాడి కోపంలో ఉన్న నిజం ఇదే.

ఇంక పెద్దాయన మాటలో నిజం దగ్గరికొద్దాం. ముంపు.

ఊడ్పులైన పది రోజులకి డ్రైన్లు పొంగి చేను మునిగితే మనకి తెలిసిన నరకం ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్ళల్లో వరి మొక్క ఊపిరి కోసం పైకి సాగుతుంది. ఆ సాగడంలోనే ఒంట్లో ఉన్న బలమంతా ఖర్చయిపోతుంది. నీళ్ళు తీసేసరికి చేలో కుళ్ళిన ఆకు తప్ప ఏమీ ఉండదు. ఒడిశా రైతుల దగ్గర మాత్రం ముంపుకి ఆగే పాత నాటు వరి ఉండేది. అందులోంచి ఏరిన రకమే ఎఫ్ఆర్ 13ఏ. దిగుబడి తక్కువ, కానీ నీళ్ళల్లో చచ్చేది కాదు. ఎందుకో డేవిస్‌లో డేవిడ్ మెకిల్, కెనాంగ్ షు వెతికారు. 1996లో ఆ గుణం తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉందని తేల్చారు. 2006లో అమెరికా, ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు కలిసి అసలు జన్యువుని పట్టుకున్నారు. అదే సబ్ 1. అది ఉన్న మొక్క మునిగితే సాగదు. ఊపిరి బిగబట్టి పడుకున్నట్టు ఉండి, బలం దాచుకుని, నీళ్ళు తీశాక మళ్ళీ దుబ్బు కడుతుంది.

ఆ గుణాన్ని ముందుగా ఎక్కించింది దేనిలోకనుకున్నారు? మన స్వర్ణలోకే. ఆ పని వివరిస్తూ 2007లో వచ్చిన పరిశోధనా పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజ గారిది, ఆవిడ మన దేశపు శాస్త్రవేత్త. 2009లో స్వర్ణ సబ్ 1 మన దేశంలో విడుదలైంది. బంగ్లాదేశ్‌లో దాన్నే బ్రి ధాన్ 51 అంటారు. అదే జన్యువుతో నైజీరియాలో ఫారో 66, ఫారో 67 వచ్చాయి. ఒడిశా రైతు దాచుకున్న గింజ ఆఫ్రికా రైతు చేనుని కాపాడుతోంది. మాలి కలుపు మొక్క మన సాంబ మసూరిని కాపాడుతోంది. ఖండాలు దాటిన పరిశోధన అంటే నాకర్థమైంది ఇదీ. ఎవరో ఒకరు ఇంకొకరికి దానం చేయడం కాదు.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. రకం విడుదల చేసి చేతులు దులుపుకోకుండా, కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలూ వరి సంస్థ వాళ్ళూ కలిసి ఒడిశాలోని భద్రక్, బాలేశ్వర్ జిల్లాల్లో 128 ఊళ్ళు తీసుకున్నారు. సగం ఊళ్ళల్లో ఊరికి ఐదుగురు రైతులకి తలా ఐదు కిలోల స్వర్ణ సబ్ 1 ఇచ్చారు. పది రోజులు మునిగిన చేలల్లో మామూలు స్వర్ణ మీద 45 శాతం దాకా ఎక్కువ పండింది. ఎక్కువ లాభపడింది ఎవరంటే పల్లపు చేలున్న దళిత రైతులు, ఎందుకంటే ముంపు భూములు ఎక్కువగా వాళ్ళవే. ఇంకో సంగతి కూడా తేలింది. చేను పోదన్న ధైర్యం వచ్చాక రైతులు ఎరువు బాగా వేశారు, ఊడ్పు శ్రద్ధగా చేశారు, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టడానికి జంకలేదు. వరద రాని ఏడు కూడా దిగుబడి పెరిగింది.

ఇది చదివినప్పుడు మా ఊరి పల్లపు చేలు గుర్తొచ్చాయి. ఆ చేలు చేసేది కౌలు రైతులే. "మునిగిపోయే చేనుకి రెండో కోటా ఎరువు ఎందుకండీ" అంటారు. వాళ్ళకి బద్ధకం అని మనం అనుకుంటాం. కాదు, భయం. ఆ భయానికి విత్తనంలో మందుందని ఒక పరిశోధన కొలిచి చూపించింది.

అయితే నా ఫిర్యాదు కూడా ఉంది.

సబ్ 1 పనిచేసేది మొక్క లేతగా ఉన్నప్పుడు, సుమారు రెండు వారాల వరకు. పొట్ట మీదా ఈనిక మీదా మునిగితే అది కూడా కాపాడలేదు. నెలల తరబడి మోకాలి లోతు నీళ్ళు నిలిచే చేలకి వేరే గుణం కావాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన చేలు ఏ దశలో ఉన్నాయి? కోతకొచ్చినవి పడిపోయాయి, కోసినవి పనల మీద నానిపోయాయి, గింజ మొలకెత్తింది. పడిపోకుండా నిలబడే కాడ, వానకి పన మీద మొలకెత్తని గింజ, ఇవీ మన డెల్టా అడిగేవి. ఈ ప్రశ్న ఏ ల్యాబు బల్ల మీదుంది? మనల్ని ఎవరైనా అడిగారా?

నా పాయింటు ఇక్కడే. రెండు ఖండాల యూనివర్సిటీలు ఒప్పందం రాసుకున్నప్పుడు ఫోటోలో వైస్ ఛాన్సలర్లు ఉంటారు, శాలువాలు ఉంటాయి. విత్తనం మనది, పరీక్షకి చేను మనది, నష్టమొస్తే అదీ మనదే. ప్రశ్న మాత్రం మనది కాదు. స్వర్ణ సబ్ 1 గింజ పొట్టు రంగు మామూలు స్వర్ణలా బంగారు రంగులో ఉండదు, గడ్డి రంగులో ఉంటుంది. ల్యాబులో అది చిన్న విషయం. మిల్లు దగ్గర బేరమాడేటప్పుడు చిన్న విషయమా? రంగు మారితే రేటు మారుతుందని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు, బస్తా మోసినోడు చాలు. అలాంటోణ్ణి ఒక్కణ్ణి మొదటి రోజునే కూర్చోబెడితే పోయేదేముంది?

అందుకే నేను కోరేది నాలుగు ముక్కలు.

ఒకటి, ఏ ఒప్పందమైనా మొదటి సమావేశం పల్లపు చేల రైతులతో, కౌలు రైతులతో జరగాలి. చివరి రోజు క్షేత్ర ప్రదర్శనకి పిలిచి భోజనం పెట్టడం కాదు.

రెండు, పరీక్షలు కేంద్రం ఫారంలోనే కాకుండా మన మురుగునీటి చేలల్లో జరగాలి. చేను పోతే పరిహారం ఎంతో ముందే కాగితం మీద ఉండాలి.

మూడు, "లాభం వస్తే వాటా" కాదు. విత్తనం ఇచ్చిన ఊరికి ఫలితం వచ్చిన మొదటి ఏడే మినీకిట్లు రావాలి. ఒడిశాలో ఐదు కిలోలతో చేశారు కదా, అదేమీ కోట్ల లెక్క కాదు.

నాలుగోది మన పని. 2001 నాటి రైతుల హక్కుల చట్టం ప్రకారం మన విత్తనం మనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాత నాటు రకం ఉంటే రైతు రకంగా నమోదు కూడా చేయించుకోవచ్చు. ఒడిశా రైతులు ఆ పాత వరిని "దిగుబడి తక్కువ" అని పారేసి ఉంటే ఇవాళ సబ్ 1 లేదు. మీ ఇంట్లో అటక మీద అమ్మమ్మ కాలం నాటి గింజ పిడికెడు ఉన్నా పారేయకండి. పేరు, చేను, ఏ గుణం ఉందో ఒక చీటీ రాసి పెట్టండి.

కుర్రాడికి నేను చెప్పేది, తలుపులు మూసుకుంటే మనకే నష్టం. మసూరి కూడా వచ్చేది కాదు. పెద్దాయనకి చెప్పేది, దణ్ణం పెట్టి ఊరుకుంటే మన ప్రశ్న మనకే మిగిలిపోతుంది.

మీ ఊళ్ళో సార్వాలో మునిగే చేలు ఎన్ని ఎకరాలు, ఏ దశలో మునుగుతాయి, ఎన్ని రోజులు నీళ్ళు ఉంటాయి, కింద రాయండి. ఊరి పేరు కూడా పెట్టండి. అన్నీ ఒక కాగితం మీదకెక్కించి మారుటేరు తీసుకెళ్దాం. ఈసారి ఎవరైనా ఎక్కడి నుంచైనా ఒప్పందానికి వస్తే ప్రశ్న మన దగ్గర రెడీగా ఉండాలి.

ఉంటానండి. చేలో నీళ్ళు చూసుకోవాలి.