గ్రీజు అంటుకుంటేనే...

ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాసైన కుర్రాడికి ఇంజిన్ గురించి అన్నీ తెలుసు... పరీక్ష కాగితం మీద! అదే కుర్రాణ్ని ఆర్టీసీ గ్యారేజీలో పిట్‌లోకి దించి పైనున్న బస్సుకి బ్రేకులు సరిచేయమంటే చేతులు వణుకుతాయి. తెల్లారితే ఆ బండి యాభైమందితో రోడ్డెక్కాలి మరి. ఏ నట్టు ఎంత బిగించాలో, చప్పుడు విని లోపం ఎక్కడుందో ఎలా పట్టాలో పక్కనున్న సీనియర్ మెకానిక్ దగ్గరే నేర్చుకోవాలి.

అందుకే 1961లో అప్రెంటిస్‌ల చట్టం తెచ్చారు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నెలనెలా స్టైపెండూ ఇవ్వాలి.

ఇళ్లలో వచ్చే ప్రశ్న ఒకటే. 'ఏడాది చేశాక ఉద్యోగమిస్తారా?'

ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. డిపోలో చేరగానే పర్మినెంటయినట్టు చుట్టాలందరికీ చెప్పేసుకుని, తర్వాత తలదించుకునే తల్లిదండ్రులు ఉంటారు. పాపం, వాళ్లకి ముందే ఎవరూ చెప్పరు. రైల్వేలో కాస్త నయం. లాలాగూడ, రాయనపాడు లాంటి రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవెల్-1 నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. అందుకూ పరీక్ష రాయాల్సిందే.

చేరేముందు అప్రెంటిస్ ఒప్పందం నమోదయిందో లేదో చూసుకోవాలి. అది లేకుండా ఏడాదంతా టీలు మోయించి పంపేసే చోట్లూ ఉన్నాయి. అక్కడ సర్టిఫికెట్టూ రాదు, పనీ రాదు.