విశ్వవిద్యాలయ విజ్ఞానానికి కాపలా ఎవరు?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకం తెరిస్తే చాలాసార్లు ముందుగా కనబడేది ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం చీటీ. కాల్ నంబరు, యాక్సెషన్ నంబరు, రచయిత పేరు, గడువులోగా తిరిగి ఇవ్వాలన్న సూచన, వీటితోపాటు స్కానింగ్ నాటి బార్‌కోడ్. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకం వల్ల అవి తెరమీదికి వచ్చాయి. తర్వాత వాటిని ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతపడింది. పబ్లిక్ రిసోర్స్ అనే అమెరికా సంస్థ ఆ స్కాన్లను ఆర్కైవ్‌లో చేర్చబట్టి సరిపోయింది. మన విశ్వవిద్యాలయం దాచిన సంపద చివరికి బయటివాళ్ల పూనికతో నిలిచింది.

నియమం గట్టిగా ఉంటే లోపలివాళ్లూ దాచగలరు. పీహెచ్‌డీ ప్రదానం చేశాక సిద్ధాంత గ్రంథం సాఫ్ట్ కాపీని ముప్ఫై రోజుల్లో తనకు పంపాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. ఒకప్పుడు గ్రంథాలయం బీరువాల్లో దుమ్ముపట్టిన సిద్ధాంత గ్రంథాలు ఈనాడు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే డిజిటల్ భాండాగారంలో లక్షల సంఖ్యలో ఉన్నాయి. విజయనగరంలో కూర్చుని వరంగల్ పరిశోధన చదవొచ్చు.

గ్రంథంగా మారని విజ్ఞానం మాటేమిటి? ఊరూరా తిరిగి నింపించిన సర్వే ఫారాలు, జానపద కళాకారుల గొంతులు రికార్డు చేసిన క్యాసెట్లు, ప్రయోగశాలలో ఏళ్ల తరబడి రాసుకున్న నోటు పుస్తకాలు... ఆచార్యులు పదవీ విరమణ చేసి గది ఖాళీ చేస్తే ఇవన్నీ ఇంటికో, పాత కాగితాల కొట్టుకో చేరతాయి. అందుకోవడానికి ఆ కుర్చీలో మరొకరుండాలి కదా! రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అధ్యాపక పోస్టులు ఏళ్లుగా ఖాళీ. చాలా విభాగాలను లాక్కొస్తున్నది కాంట్రాక్టు అధ్యాపకులే. వచ్చే ఏడాది కొలువు ఉంటుందో లేదో తెలియని మనిషిని విభాగం జ్ఞాపకాలు మొయ్యమనడం అన్యాయం.

పదోన్నతుల లెక్కా ఇందుకు తోడ్పడదు. పత్రాలకు, పుస్తకాలకు, పేటెంట్లకు స్కోరుంది. సేకరించిన సమాచారాన్ని పదిమందికీ పనికొచ్చేలా సర్దిపెట్టే శ్రమకు లేదు.

ఇక నాయకత్వం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉపకులపతి పదవీకాలం మూడేళ్లు. 2024 మేలో తెలంగాణలో పది విశ్వవిద్యాలయాల ఉపకులపతుల గడువు ఒకేసారి ముగిసింది. అక్టోబరులో చాలాచోట్ల కొత్తవారు వచ్చేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులు. పరిశోధన సామగ్రిని భద్రపరిచే, పదేళ్ల ఓపిక కావలసిన భాండాగారం పనిని ఇలాంటి చోట ఎవరు తలకెత్తుకుంటారు?

అంతర్జాతీయ పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందాలని కేంద్రం 2024 నవంబరులో ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు రూ.6,000 కోట్లు ఆమోదించింది. ముప్ఫై ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు చదువుకునే వీలు ఇది. మంచి నిర్ణయమే, హర్షించాలి. కానీ కొని తెచ్చుకునే విజ్ఞానానికి దొరికిన నిధి, ఇక్కడే పుట్టినదాన్ని నిలబెట్టడానికి దొరకడం లేదు. ప్రతి విశ్వవిద్యాలయంలో ఆ సామగ్రిని చూసుకునే గ్రంథాలయాధికారి పోస్టును శాశ్వతంగా భర్తీ చేయాలి. పదవీ విరమణ పత్రాలతోపాటు పరిశోధన సామగ్రి అప్పగింత కూడా తప్పనిసరి చేయాలి. ఈ రెండింటికీ ఉపకులపతులు, ప్రభుత్వాలు వచ్చే బడ్జెట్‌లోనే పద్దు కేటాయించాలి.