తవుడులో పోయిన బలం

జగిత్యాల, కోరుట్ల రైతులు శ్రీరాంసాగర్ కాలువ కింద వడ్లు పండిస్తున్నారు. అట్లాంటి వడ్లే బియ్యమై సిరిసిల్ల మగ్గం కార్మికుల పిల్లలు చదివే బడికి చేరతాయి. మధ్యలో మిల్లుంది. పాలిష్ ఎంత తెల్లగా పడితే, ఇనుము, బి విటమిన్లు అంతగా తవుడుతో పోతాయి.

ఈ లోటు పూడ్చే పేరుతో 2021 ఆగస్టు 15న ప్రధాని బలవర్ధక బియ్యాన్ని ప్రకటించారు. 2024 మార్చి నాటికి బడి భోజనానికి, అంగన్‌వాడీకి, రేషన్‌కు వర్తింపజేశారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి యంత్రంపై గింజలు చేసి, క్వింటాలుకు కిలో చొప్పున కలపడమే పద్ధతి.

ఈ గింజలు ప్లాస్టిక్ కావు. నీళ్లల్ల తేలినయని ఏరి పారేస్తే పిల్లల నోటికాడిది పారేసినట్టే. తలసేమియా ఉన్న పిల్లల సంగతి మాత్రం డాక్టరును అడగాలె.

కానీ గింజ ఒక్కటే గట్టెక్కిస్తుందా? కిలో బియ్యంలో కలిపే ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు. ప్రాథమిక బడి పిల్లకు పూటకు ఇచ్చేది 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. అంటే దక్కే ఇనుము మూడు, నాలుగు మిల్లీగ్రాములే! 2019లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసినప్పుడు తెలంగాణలో ఐదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. వాళ్లే ఇయ్యాల బడి పిల్లలు.

పళ్లెంలో పప్పు పెరగాలె. ఆకుకూర, గుడ్డు తప్పకుండా ఉండాలె. కంది, పెసర, జొన్న ఇక్కడి రైతు దగ్గరే మద్దతు ధరకు కొని బడికి పంపితే పిల్లకు రక్తం, రైతుకు ధర. సర్కారు ముందు పెట్టాల్సిన డిమాండ్ ఇదే.