చచ్చిన చేప, తప్పిన గండం

నాయుడుపేటలో ఎవరైనా ఇంట్లో అక్వేరియం పెట్టుకుంటామంటే ముందుగా అందే సలహా దిక్కు గురించే. వాస్తు ప్రకారం ఈశాన్యంలో పెట్టమంటారు. తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు వేయమంటారు: ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. నెల తిరక్కుండా ఆ నల్లది వెల్లకిలా తేలితే, "పోనీలేమ్మా, ఇంటిమీదికొచ్చే కీడును అది మోసుకుపోయింది" అని ఇంకోదాన్ని తెచ్చి వేస్తారు.

ఈ నమ్మకానికి ఓటమి లేదు. చేప బతికితే అదృష్టం, చస్తే గండం తప్పింది. ఏం జరిగినా నిజమే అయ్యే మాటను పరీక్షకు పెట్టేదెట్లా? దుకాణానికి మాత్రం రెండు విధాలా బేరమే.

ఇంతకీ ఇది ఏ వాస్తు? గోల్డ్‌ఫిష్‌ను వెయ్యేళ్ల కిందట చైనాలో పెంచి రంగులు తేల్చారు. తొమ్మిది చేపల లెక్కా అక్కడి ఫెంగ్‌షుయ్‌దే. జనం చూడడానికి తొలి అక్వేరియం లండన్ జంతుశాలలో తెరిచిందే 1853లో. ధనం తెస్తుందనే సిల్వర్ అరోవానా అమెజాన్ నది చేప. నుదుట పెద్ద బొడిపెతో తిరిగే ఫ్లవర్‌హార్న్‌నైతే 1990లలో మలేసియాలో సంకరం చేసి పుట్టించారు. మన ప్రాచీన వాస్తు గ్రంథాలు రాసినవాళ్లకు వీటి ఊసు తెలిసే వీలే లేదు.

నల్ల చేప ఎందుకు చచ్చిందో మాత్రం చెప్పవచ్చు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. అది వాటికే విషం. తొట్టిలో, ముఖ్యంగా ఫిల్టర్ స్పాంజిలో, పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనవాళ్లు తొట్టి కొన్నరోజే తొమ్మిది చేపలూ వేస్తారు. కీడు నెలలోపే వచ్చిపడడంలో మర్మం ఇదే. పైగా నీళ్లు మసకబారాయని మొత్తం పారబోసి, స్పాంజిని కొళాయి కింద రుద్ది కడుగుతారు. కొళాయి నీళ్లలోని క్లోరిన్ మిగిలిన బాక్టీరియానూ చంపుతుంది. కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది దాదాపు 56 లీటర్లు. గోల్డ్‌ఫిష్ జానెడు పెరిగే చేప, ఏళ్ల తరబడి బతుకుతుంది, చల్లటి నీళ్లు కోరుతుంది. నాయుడుపేట ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. అంత చిన్న తొట్టిలో తొమ్మిదింటిని కుక్కడం శాంతి కాదు, హింస. అరోవానా అయితే రెండున్నర అడుగులు దాటుతుంది, అసలు తొట్టికన్నా పొడవు.

మన వేడికీ, గట్టిగా ఉండే బోరు నీళ్లకూ గప్పీలు సరిపోతాయి. మగవాటినే ఆరింటిని తెచ్చుకుంటే సంతానం బెడద ఉండదు. లేదా మన దేశపు వాగుల్లోనే పుట్టిన జీబ్రా చేపలు ఆరు; రెండు అంగుళాలు మించవు. ఫైటర్ కావాలంటే ఒక్క మగది చాలు. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కదా అని గాజు గ్లాసులో పెట్టకండి. 'పాచి తింటుంది' అని అంటగట్టే సక్కర్‌ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది, వద్దనండి. కొళాయి నీళ్లయితే ఒకరోజు బకెట్‌లో నిలవుంచి వాడండి, క్లోరిన్ పోయే మందు ఉంటే ఇంకా మంచిది. వారానికి పావువంతు నీళ్లు మార్చండి. తొట్టిని ఏ దిక్కున పెట్టినా ఎండ తగలనివ్వకండి. తూర్పు కిటికీ పక్కన పెడితే పెరిగేది ఐశ్వర్యం కాదు, పాచి.

తొట్టికి మించి పెరిగిన చేపను, పుణ్యమనుకుని, స్వర్ణముఖి నదిలో వదలకండి. పరదేశపు చేప అందులో కుదురుకుంటే అక్కడి చేపల మేతకే ఎసరు. కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.